దొడ్డు బియ్యం, సన్న మనుషులు

మొన్న బతుకమ్మ సెలవులకు మోత్కూరు పోయినప్పుడు అమ్మతో కూర్చుని ‘సైజ్ జీరో’ మళ్లీ చూశాను. 2015 నవంబర్ 27న విడుదలైన సినిమా. అప్పుడు హైదరాబాద్‌లో మల్టీప్లెక్స్‌లో చూశాను. ఇంటర్వెల్‌లో పెద్ద టబ్బు పాప్‌కార్న్ కొనుక్కుని, ఇంటికొచ్చాక “మంచి ప్రయత్నం” అని ఫేస్‌బుక్‌లో రెండు వాక్యాలు రాసి మర్చిపోయాను. ఈసారి అంత తేలిగ్గా వదల్లేకపోయాను. కారణం సినిమా కాదు, పక్కన కూర్చున్న ప్రేక్షకురాలు.

కూతురికి పెళ్లి కావడం లేదని తల్లి పాత్రలో ఊర్వశి కిందా మీదా పడుతోంది. అమ్మ చాలాసేపు ఓపిక పట్టి, ఇక ఆగలేక అడిగింది.

“గీ పోరికి ఏమైందిరా? మంచిగనే ఉన్నది గద.”

“లావుందని సంబంధాలు కుదురుతలేవమ్మా.”

“కలిగినోళ్ల పిల్ల, నిండుగున్నది. గింత దానికి గంత ఏడ్పేంది?”

నవ్వేశాను. తర్వాత ఆలోచిస్తే, సినిమా మొత్తం మీద అడగాల్సిన మొదటి ప్రశ్న అదేననిపించింది. లావు అనేది ఒక సమస్య అని ప్రేక్షకుడికి ముందే తెలుసని సినిమా నమ్ముతుంది. అమ్మకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అట్లాగని అమ్మ ఆ పడవలో లేదని కాదు. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. ‘బరువు తగ్గాలమ్మా’ అని ప్రతిసారీ డాక్టర్ చెప్తూనే ఉన్నాడు. ఆ మాటని అమ్మ ఒక అర్థంలో వింటే, నేను ఇంకో అర్థంలో విన్నాను. ఆ తేడా ఒక రాత్రి మా ఇంట్లో చాలా భయపెట్టింది. ఆ విషయానికి వస్తాను. ముందు మాటల సంగతి.

మా దిక్కు లావుని ‘దొడ్డు’ అంటాం. అది తిట్టు కాదు. దొడ్డ మనసు, దొడ్డమ్మ, దొడ్డ దొర, అన్నీ పెద్దరికం ఉన్న మాటలే. ‘ఒళ్లు చేసినవ్’ అంటే బాగున్నావని. బక్కపడితే మాత్రం జాలి: బక్కప్రాణి, బక్క రైతు, బక్క గొడ్డు. ‘సన్న’ సంగతి మరీ చిత్రం. రెండెకరాల వాడు సన్నకారు రైతు. అంటే మన భాషలో సన్నగా ఉండటమంటే లేకపోవడం. ఒక్క బియ్యం విషయంలోనే ఇది తలకిందులవుతుంది. రేషన్ బియ్యం దొడ్డు, పెండ్లి బియ్యం సన్న. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో సన్న బియ్యం పంపిణీ మొదలైంది, మనిషికి ఆరు కిలోలు. అది మా పాత నల్లగొండ జిల్లాలో ఎంత పెద్ద విషయమో గచ్చిబౌలిలో ఉండే నా ఫ్రెండ్స్‌కి చెప్తే అర్థం కాలేదు. వాళ్లలో సగం మంది ఆ వారం అన్నం మానేసి ఉన్నారు.

ఇప్పుడు సినిమా. ప్రకాశ్ కోవెలమూడి దర్శకుడు, కథ కనికా ధిల్లాన్‌ది, సంగీతం కీరవాణి. తమిళంలో ‘ఇంజి ఇడుప్పళగి’గా ఏకకాలంలో తీశారు. హీరోయిన్ల నడుం మీద పళ్లూ పూలూ విసిరే పాటలతో ఒక తరాన్ని పెంచిన రాఘవేంద్రరావు గారి కొడుకు, ఆడవాళ్ల శరీరం మీద సమాజం పెట్టే ఒత్తిడి గురించి సినిమా తీయడం నాకు అప్పుడూ ఇప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. ఇది వెటకారం కాదు. ఇంట్లో జరగాల్సిన వాదనలు కొన్నిసార్లు ఇట్లా తెర మీద జరుగుతాయి.

మొదటి సగం నిజంగా బాగుంటుంది. సౌందర్య అలియాస్ స్వీటీ తింటుంది, నవ్వుతుంది, ఎవరికీ సంజాయిషీ చెప్పదు. తాతగా గొల్లపూడి మారుతీరావు గారు పక్కన ఉంటారు. తల్లి పాత్ర విలన్ కాదు; కూతుర్ని ప్రేమిస్తూనే అవమానించే మన ఇళ్లలోని మామూలు తల్లి. ఊర్వశి ఆ రెండింటినీ ఒకే వాక్యంలో పలికించగలదు. డాక్యుమెంటరీలు తీసే అభి (ఆర్య) పెళ్లిచూపులకి వచ్చే ఘట్టంలో ఇద్దరికీ ఇష్టం లేకపోవడం కూడా హాయిగా ఉంటుంది. ఇక్కడిదాకా సినిమాకి తొందర లేదు.

తర్వాత క్లినిక్ వస్తుంది. ప్రకాశ్ రాజ్ నడిపే ‘సైజ్ జీరో’. త్వరగా సన్నబడే చికిత్స, దానికి బలై ఆసుపత్రి పాలైన స్నేహితురాలు జ్యోతి, ఆ పైన స్వీటీ ఉద్యమం. ఒక్కసారిగా శత్రువు బయట దొరికాడు. శత్రువు బయట దొరికితే సినిమాకి చాలా సౌకర్యం. ప్లకార్డులు పట్టుకోవచ్చు, మీడియాని పిలవొచ్చు, పెద్ద తారల్ని అతిథులుగా తీసుకురావొచ్చు. అయితే స్వీటీ పొద్దున లేచి అద్దం ముందు నిలబడ్డప్పుడు ఏం జరుగుతుందన్న ప్రశ్న ఆ హడావిడిలో జారిపోయింది. బరువు తగ్గాలని మొదలుపెట్టిన మనిషికి అసలు కష్టం క్లినిక్ కాదు. నలభై మూడో రోజు. మొదటి వారం ఉత్సాహం అయిపోయి, ముల్లు కదలడం ఆగి, ఎవరూ అడగడం మానేసిన రోజు. ఆ రోజుని తెలుగులో ఎవరూ రాయలేదు, తీయలేదు. నేను చదివిన మేరకు.

అనుష్క సంగతి వేరేగా చెప్పాలి. మేకప్‌తో సరిపెట్టకుండా ఈ పాత్ర కోసం దాదాపు 20 కిలోలు పెరిగిందని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. అదే ఏడాది జూలైలో ‘బాహుబలి’ మొదటి భాగం, అక్టోబర్‌లో ‘రుద్రమదేవి’. సినిమాల్లోకి రాకముందు యోగా టీచర్. అంత క్రమశిక్షణ ఉన్న మనిషి ఒక పాత్ర కోసం ఆ పని చేయడం మన పరిశ్రమలో చిన్న విషయం కాదు. నా అభ్యంతరం ఆమె మీద కాదు, ఆ శరీరాన్ని మనం చూసిన పద్ధతి మీద. ఆ లావు తాత్కాలికమని హాల్లో కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. ఈవిడ మళ్లీ దేవసేన అవుతుంది. కాబట్టి ‘లావుగా ఉన్నా అందమే’ అని చప్పట్లు కొట్టడం మనకి ఖర్చు లేని పని. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆమెని అడిగిన ప్రశ్నలు చూడండి: ఎంత తగ్గారు, ఎప్పుడు తగ్గుతారు, తగ్గకపోతే గ్రాఫిక్స్‌లో తగ్గించారా. సినిమా చెప్పిన సందేశాన్ని ఆ సినిమా హీరోయిన్‌కే మనం వర్తింపజేయలేదు.

ఇంకో సౌందర్య ఉంది. 2006లో ఇ.వి.వి. సత్యనారాయణ తీసిన ‘కితకితలు’లో గీతా సింగ్ వేసిన పాత్ర పేరు కూడా సౌందర్యే. సన్నటి అల్లరి నరేశ్ పక్కన లావుపాటి పెళ్లాం. నవ్వులన్నీ అక్కడి నుంచే. లావుపాటి స్త్రీకి సౌందర్య అని పేరు పెట్టడమే మొదటి జోకు. తొమ్మిదేళ్ల తర్వాత ‘సైజ్ జీరో’ అదే పేరుని జోకు కాకుండా వాడింది. ప్రగతేనా? అవును, కొంత. కానీ గీతా సింగ్‌కి తిరిగి వెళ్లడానికి ఇంకో శరీరం లేదు. ఆమె మీద నవ్విన ప్రేక్షకుడు ఆమెనే చూసి నవ్వాడు. మన సినిమా లావుని గౌరవించడం మొదలుపెట్టింది సన్నటి నటి దాన్ని అరువు తెచ్చుకున్నాకే. ఈ మాట రాయడం నాకు ఇబ్బందిగానే ఉంది, ఎందుకంటే 2006లో నేను నవ్వాను. బాగా నవ్వాను.

ఇంకొకటి కూడా అదే ఏడాది జరిగింది. 2015 జూన్ 6న ఆర్తీ అగర్వాల్ న్యూజెర్సీలో చనిపోయింది. 31 ఏళ్లు. అంతకు కొన్ని వారాల ముందే లైపోసక్షన్ చేయించుకుందని వార్తలొచ్చాయి. ‘నువ్వు నాకు నచ్చావ్’ చూసి పెరిగిన మా తరానికి ఆ వార్త ఎట్లా తగిలిందో చెప్పక్కర్లేదు. ఆర్నెల్లు తిరక్కుండా ‘సైజ్ జీరో’ వచ్చింది. జ్యోతి ఆసుపత్రి సీన్లో హాల్లో నాకు గుర్తొచ్చింది ఆర్తీయే. సినిమా ఆ భయాన్ని ముట్టుకుంది కానీ దగ్గర కూర్చోలేదు. తగ్గాలని నిజంగా కోరుకున్న మనిషి జ్యోతి. ఆ కోరిక వెనక ఏముందో చెప్పకుండా, ఆమెని స్వీటీ ఉద్యమానికి కారణంగా వాడుకుంది. కథలో అసలు మనిషి జ్యోతి అని, తప్పు మనిషిని హీరోయిన్‌ని చేశారని ఇప్పుడు నాకనిపిస్తుంది.

సినిమా వదిలేద్దాం. బరువు తగ్గడం మీద తెలుగులో నిజంగా పెద్ద సాహిత్యం ఉంది. మనం దాన్ని సాహిత్యమని అనుకోం, అంతే. ప్రసంగాలు. మంతెన సత్యనారాయణ రాజు గారి ఉప్పు లేని వంట, పచ్చి కూరలు. వీరమాచనేని రామకృష్ణ గారి నాలుగు పిల్లర్లు: రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, మల్టీవిటమిన్ మాత్రలు. ఖాదర్ వలీ గారి సిరిధాన్యాలు: కొర్రలు, అండుకొర్రలు, సామలు, అరికెలు, ఊదలు. వీటిలో వైద్యం ఎంత అన్నది నా పరిధి కాదు. కొన్నింటి మీద డాక్టర్లు గట్టిగానే అభ్యంతరాలు చెప్పారు. నేను మాట్లాడేది రూపం గురించి. 2018 ప్రాంతంలో మా ఆఫీసు క్యాబ్‌లో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న వాళ్లలో పాటలు వినేవాళ్లెంతమందో ఇవి వినేవాళ్లూ అంతమంది.

వినండి, ఇవి అచ్చంగా ప్రవచనాలు. మొదట మన పాపాల జాబితా: మైదా, పంచదార, సోమరితనం. తర్వాత ఒక పతిత భక్తుడి కథ: ఫలానా ఊరాయన, నూటపది కిలోలు, మోకాళ్లు పోయాయి. తర్వాత ఆయన వేదికెక్కి సాక్ష్యం చెప్తాడు. చివర వాగ్దానం. హాస్యం ఎక్కడ వేయాలో, గొంతు ఎక్కడ తగ్గించాలో వాళ్లకి తెలుసు. మంతెన వారి గోదావరి యాసలో ఒక ఆప్యాయత ఉంటుంది, తిడుతున్నా పక్కింటి పెద్దాయన తిట్టినట్టుంటుంది. సమకాలీన తెలుగు వచనంలో ఇంత బలంగా శ్రోతని పట్టుకునే గొంతులు ఎన్ని ఉన్నాయి? మన కవిసమ్మేళనాలకి ఆ జనం ఎందుకు రారో ఎవరైనా ఆలోచించాలి.

వీటి వెనక ఇంకో తరహా పుస్తకాలున్నాయి, వ్యక్తిత్వ వికాసం. మేం ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో యండమూరి ‘విజయానికి ఐదు మెట్లు’ చేతులు మారుతూ అట్టలు ఊడిపోయేది. ఆ పుస్తకానికి నేను రుణపడి ఉన్నాను, దాన్ని తీసిపారేయను. కానీ ఆ తరహా పుస్తకాల నుంచి మాకొక నమ్మకం అబ్బింది. మనిషి లోపల ఒక యజమాని, ఒక పనివాడు ఉంటారు. యజమాని గట్టిగా అనుకుంటే పనివాడు చేసి తీరతాడు. చేయలేదంటే అనుకోవడంలో లోపం. పరీక్షలకి ఇది కొంతవరకు పనిచేసింది. ఆకలికి చేయలేదు.

ఎందుకు చేయదో తెలియాలంటే ఒక పాత ప్రయోగం చూడాలి. 1944 నవంబర్‌లో అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకుల్ని తీసుకున్నాడు. యుద్ధంలో ఆయుధం పట్టమని అంతరాత్మ సాక్షిగా నిరాకరించినవాళ్లు. అంటే సంకల్పబలం తక్కువైన వాళ్లు ఎంతమాత్రం కాదు. ఆరు నెలలు రోజుకు సుమారు 1,600 కేలరీల తిండి. ఇవాళ జిమ్ములో చేతికిచ్చే చాలా డైట్ చార్టుల కన్నా అది ఎక్కువే. దాదాపు నాలుగో వంతు బరువు తగ్గారు. తగ్గడంతో పాటు చిరాకు, దిగులు, ఎప్పుడూ తిండి ధ్యాస. సాయంత్రాలు కూర్చుని వంటల పుస్తకాలు చదివేవాళ్లు! ఇది చదివినప్పుడు నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అన్నం మానేసిన మూడు నెలలూ నేను రాత్రి పన్నెండింటికి యూట్యూబ్‌లో దమ్ బిర్యానీ వీడియోలు చూసేవాణ్ని. నా బలహీనత అనుకున్నాను. పదకొండు కిలోలు తగ్గాను, ఆఫీసులో చప్పట్లు కొట్టారు, పద్దెనిమిది నెలల్లో తొమ్మిది తిరిగొచ్చాయి. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. చప్పట్లకి ఎదురు శబ్దం మౌనమే కదా.

ఇక అమ్మ. నా పదకొండు కిలోల రోజుల్లోనే అమ్మకి కూడా వాట్సాప్‌లో ప్రసంగాలు పంపడం మొదలుపెట్టాను. ఎవరివైతేనేం, అన్ని రకాలూ పంపాను. పక్కన నా మాటలు: ‘పాజిటివ్‌గా ఉండాలమ్మా.’ ఇదే మాట 2021లో ఫోన్‌లో అంటే అమ్మ కంగారు పడింది. “పాజిటివ్ అంటే కరోనా గదరా, నాకెందుకొస్తది?” ఆ జోకు మా ఇంట్లో ఇంకా నడుస్తోంది.

అమ్మ పుట్టింది అరవైల్లో. వాళ్ల ఇంట్లో రోజూ తినేది జొన్న గట్క, పచ్చిపులుసు. కొర్రలు, సామలు కూడా. తెల్ల బువ్వ పండక్కే. కాపురానికి వచ్చిన కొత్తలో, 1983లో, రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. “ఆ ఏడు నుంచి దినాం బువ్వ తిన్నం” అని అమ్మ ఇప్పటికీ ఏడాది గుర్తు పెట్టుకుని చెప్తుంది. దొడ్డు బియ్యమే, పురుగులు ఏరుకునే బియ్యమే, అయినా రోజూ. తర్వాత బోర్లు పడ్డాయి, ఎండిపోయాయి, మళ్లీ పడ్డాయి. ఊరి చుట్టూ వరి పెరిగింది. తర్వాత నా జీతం. తర్వాత సన్న బియ్యం. ఆమె జీవితంలో జరిగిన మంచంతా పళ్లెంలోనే కనిపిస్తుంది. అట్లాంటి మనిషికి కొడుకు ఫోన్ చేసి, “అమ్మా, అన్నం విషం, కొర్రలు తిను” అన్నాడు. నేను చెప్పింది పోషకాహారం. ఆమె విన్నది, “నువ్వు ఎక్కిన మెట్లన్నీ దిగు” అని. పైగా నవ్వుతూ దిగాలి, పాజిటివ్‌గా.

కొర్రల ప్యాకెట్ ధర చూసి ఆమె అన్నది ఒక్కటే మాట: “గరీబోళ్ల తిండికి గింత ధరనా!”

అయినా కొడుకు చెప్పాడని మొదలుపెట్టింది. వారం వారం బరువు చూసుకుని చెప్పేది. అరకిలో తగ్గితే నేను ‘సూపర్ అమ్మా’ అని, చేయెత్తిన బొమ్మ, పూలగుత్తి. మూడో నెలలో తగ్గడం ఆగింది. నలభై మూడో రోజు దాటి ఎనభయ్యో రోజు. నాకు చెప్పడానికి ఏమీ లేక, ఆమె తనే ఒక ఉపాయం కనిపెట్టింది. రాత్రి బువ్వ పూర్తిగా మానేసింది. షుగర్ మాత్ర మాత్రం మానలేదు. కొన్ని రకాల షుగర్ మాత్రలు వేసుకుని తిండి మానేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఆమెకి చెప్పలేదు. ఒక రాత్రి చెమటలు పట్టి, వణుకుతూ, మాట తడబడుతూ అరుగు మీద కూలబడింది. పక్కింటి పెద్దమ్మ చూసి చక్కెర నీళ్లు తాగించింది కాబట్టి సరిపోయింది. నాకు తెలిసింది పదిరోజుల తర్వాత, అది కూడా పెద్దమ్మ ద్వారా.

“నాకెందుకు చెప్పలేదమ్మా?”

“నువ్వు రోజు పూలు పంపుతుంటివి గద కొడుకా. ఏమని చెప్పాలె?”

ఇది ఎన్నోసార్లు మనసులో తిప్పుకున్నాను. మా పనిలో ఒక అనుభవం ఉంది: డ్యాష్‌బోర్డు మరీ ఎక్కువ రోజులు పచ్చగా ఉంటే సిస్టమ్ బాగుందని కాదు, చెప్పే దారి మూసుకుపోయిందేమోనని అనుమానించాలి. నేను అమ్మకి ఉత్సాహం పంపుతున్నాననుకున్నాను. నిజానికి చెడు కబురు రాగల ఒకే ఒక్క దారిని పూలతో మూసేశాను. మన ప్రసంగాలన్నిటిలోనూ ఈ లోపమే ఉందని అప్పటి నుంచీ గమనిస్తున్నాను. వేదిక మీదికి వచ్చేది తగ్గినవాళ్లే. తగ్గనివాడికి అక్కడ మైకు లేదు. ‘సైజ్ జీరో’లోనూ అంతే, ఉద్యమం ఊపులో, నాకు ఇంకా సన్నబడాలనే ఉందని ఒక అమ్మాయి మెల్లగా చెప్పగలిగే చోటు లేదు.

‘పాజిటివ్’ అన్న మాటకి రెండు అర్థాలున్నాయని, అవి ఒకదానికొకటి శత్రువులు కూడా కావచ్చని చూపించిన ఒక చిన్న పరిశోధన ఉంది. గాబ్రియేలా ఎట్టింగెన్, థామస్ వాడెన్ 1991లో ప్రచురించారు. బరువు తగ్గే కార్యక్రమంలో చేరిన 25 మంది ఆడవాళ్లు. ‘తగ్గగలను’ అని అంచనా వేసుకున్నవాళ్లు, అట్లా అనుకోనివాళ్ల కన్నా ఏడాదిలో సుమారు 12 కిలోలు ఎక్కువ తగ్గారు. ఇంతవరకు మన పుస్తకాలు చెప్పేదే. కానీ, సన్నబడ్డాక తామెట్లా ఉంటామో రంగురంగులుగా ఊహించుకుని మురిసినవాళ్లు, కష్టాన్ని కూడా ఊహించుకున్నవాళ్ల కన్నా సుమారు 11 కిలోలు తక్కువ తగ్గారు. ఇరవై అయిదు మందితో లోకమంతటికీ సూత్రం కట్టలేం. అయినా ఒక విమర్శకుడికి ఈ విభజన చాలా ఉపయోగం. ఒక రచన మనకి అంచనా ఇస్తోందా, కలనిస్తోందా? ప్రసంగాలు ఎక్కువగా కలే అమ్ముతాయి, కొంచెం అంచనా కలిపి. ‘సైజ్ జీరో’ ఆ కలని ఖండిస్తూ ఇంకో కలని అమ్మింది: నువ్వు ఎట్లా ఉన్నా ప్రేమించే అందగాడు దొరుకుతాడు. స్వీటీకి ఆర్య దొరికాడు, సరే. దొరకని వాళ్ల సంగతి?

తెలుగు సాహిత్యంలో ఆకలి ఉంది. కావలసినంత ఉంది, మా జిల్లా కథల్లో మరీ. తిండి సంబరం కూడా ఉంది; శ్రీరమణ ‘మిథునం’లో అప్పాదాసు, బుచ్చిలక్ష్మి తినే తీరు చదివితే కడుపు నిండిన మనిషికి కూడా ఆకలేస్తుంది. ఆ ఇంట్లో ఎవరికైనా షుగర్ వస్తే ఆ ప్రేమ ఏ భాషలో మాట్లాడేదో అని నేను అప్పుడప్పుడు అనుకుంటాను. ఆకలికీ సంబరానికీ మధ్య ఉన్న మనిషి, అంటే ముందు తరం పస్తులు గుర్తున్న నోటితో తిండి తగ్గించుకోవాల్సి వచ్చిన మనిషి, మన కథల్లో నాకు కనిపించలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ ఆడవాళ్లలో పదిమందికి ముగ్గురు అధిక బరువున్నవాళ్లే. వీళ్లంతా గచ్చిబౌలిలో లేరు. బస్సెక్కి ఉప్పల్ నుంచి తొర్రూరు దాకా ఏ ఊళ్లో దిగినా ఉన్నారు. వాళ్ల గురించి రాయాలంటే గట్క నుంచి మొదలుపెట్టాలి, ట్రెడ్‌మిల్ నుంచి కాదు.

ఆ రాత్రి తర్వాత అమ్మ తనకి తోచిన పద్ధతిలోకి వచ్చింది. డాక్టర్‌తో మాట్లాడి మాత్ర మార్పించాం. వండేటప్పుడు సోలెడులో ఒక గిద్దె తగ్గించి పోయడం, రాత్రికి ఒక జొన్నరొట్టె, పొద్దున ఎండెక్కక ముందు వాగు దిక్కు నడక. ఏడాదిలో నాలుగు కిలోలు తగ్గింది. తర్వాత ఒకటిన్నర వచ్చింది. నేనిప్పుడు పూలు పంపను. “ఎట్లుంది?” అని అడుగుతాను, అంతే. ఆమె ఒక్కోసారి “పెరిగిన” అంటుంది, ఒక్కోసారి “చూడలే” అంటుంది. తరచుగా అనే మాట, “నిమ్మళంగ తగ్గుతది తియ్.” సానుకూల దృక్పథం అని మనం అతికించుకున్న ఆ బరువైన సమాసానికి బదులు వాడుకోవడానికి ఇంత మంచి మాట మా ఇంట్లోనే ఉందని నాకు ఇన్నేళ్లూ తట్టలేదు. నిమ్మళంలో గెలుపు లేదు, తొందర లేదు, అద్దం కూడా లేదు. ఇంతా చేసి ఆమె సద్దుల బతుకమ్మ నాడు పులిహోర, పెరుగన్నం, మలీద అన్నీ తిన్నది. నేను చూసీ చూడనట్టున్నాను. నేనూ తిన్నాను.

సినిమా ఆ రాత్రి పూర్తిగా చూడలేదు. ఉద్యమం మొదలవగానే అమ్మ గోడకి ఒరిగి నిద్రపోయింది. నేనొక్కణ్నే చివరిదాకా చూశాను. పొద్దున చాటలో బియ్యం చెరుగుతూ అడిగింది.

“రాత్రి సినిమాల గా దవాఖానల పడ్డ పోరి, బతికిందారా?”

స్వీటీ గురించి కాదు, పెళ్లి గురించి కాదు.

“మల్ల పెట్టాల్నా అమ్మా?”

“పెట్టు. ఆమెది వచ్చేకాడికెళ్లి పెట్టు, మిగిలింది వద్దు.”

చాట పక్కన పెట్టి, చేతులు దులుపుకుని వచ్చి కూర్చుంది.